బొటనవేలి మీది అతిథి

అల్లవరంలో పాలు పితకడంలో సత్తిబాబు చేతికి గొప్ప పేరుంది. ఆ పేరు పెట్టుకున్నదీ, ఊరంతా చెప్పుకున్నదీ సత్తిబాబే.

గేదె పొదుగు మీద పొక్కులు లేచిన నాలుగో రోజుకి ఆయన బొటనవేలి మీదా ఒకటి లేచింది. నడుమ గుంటపడి, కన్ను తెరిచినట్టు. పశువుల ల్యాబు నుంచి వచ్చిన శారోన్ గేదె పొక్కుల చెక్కు గీరి సీసాలో వేసుకుంది.

"గేదెల మశూచిలా ఉంది బాబాయిగారండీ. ఈ వైరస్ మన కణంలో దూరుద్ది. లోపల యజమాని గది ఉంటుంది కదా, కేంద్రకం, దాని గడప తొక్కదు. బయట హాల్లోనే సొంత కార్ఖానా పెట్టుకుంటుంది. పనిముట్లు తనవి, సరుకు మనది. తనలాంటివాళ్ళని వేలల్లో తయారుచేసి పక్కింటికి పంపుద్ది."

"మరి యజమాని?"

"తన ఇంట్లో తనే కూలీ అండి."

"అయితే నాలాంటోడే!"

"నవ్వకండి. మీ మనవణ్ణి మాత్రం ముట్టుకోకండి."

పురిటికి వచ్చిన కూతురు భవానీదేవి ఇంకా ఇక్కడే ఉంది. ఒక్కగానొక్క బిడ్డకి రెండో నెల.

సాయంత్రం ముసురు పట్టి కరెంటు పోయింది. భవాని దొడ్లోకి వెళ్ళింది. తడిసిన కొబ్బరి పీచు డొక్కల వాసన. సత్తిబాబు చేతులు చంకల్లో దాచుకుని ఉయ్యాల పక్కన కూర్చున్నాడు. పొక్కునైనా సరే, ఏకవచనంలో కసరడం ఆయనకి చేతకాదు. వేలు పైకెత్తేడు.

"దయచేయండి. మీ ఇల్లే అనుకోండి. బిడ్డ జోలికి మాత్రం రాకండేం."

"ఆయ్..."

ఎవరో సరేనన్నట్టు అన్నారు. మెల్లగా. ఉయ్యాల్లోంచి.

టక్... టక్... ఉయ్యాల లోపలెక్కడో చిన్న సుత్తి చప్పుడు. బొటనవేలు చెవి దగ్గర పెట్టుకున్నాడు. అక్కడా అదే. టక్... టక్... ఉయ్యాల తాళ్ళు కిర్రుమన్నాయి. బరువు పెరుగుతోంది. తాళ్ళు బిగుసుకుంటున్నాయి.

ఆగలేకపోయేడు. రెండు చేతులతో బిడ్డని లాక్కున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది.

బిడ్డ ఏడవలేదు. వేలివంకే చూస్తున్నాడు. ఎత్తుకున్నా, ఉయ్యాల తాళ్ళు సడలలేదు.

"ముట్టుకున్నానమ్మా" అన్నాడు, కూతురు లోపలికి రాగానే. తెల్లారేసరికి ఆవిడ బిడ్డతో అంబాజీపేట, అత్తవారింటికి వెళ్ళిపోయింది. సత్తిబాబు పొక్కు ఎండి రాలిపోయింది. పదో రోజున ఫోన్ చేసేడు.

"బిడ్డకి పొక్కు లేచిందామ్మా?"

"ఒక్కటీ లేదు నాన్నా. ఊరికే బెంగపడిపోతారు." భవాని నవ్వింది. "ఇప్పుడే నీళ్ళు పోసేను. పిల్లలిద్దరి ఒళ్ళూ నున్నగా ఉన్నాయి."