నల్లరాళ్ళ రేవులో గరిఫాలియా

పొద్దు వాలాక నల్లరాళ్ళ రేవుకి మా దీవిలో ఎవరూ వెళ్ళేవారు కాదు. గాలి తగలని చోటు, మెత్తటి ఇసుక... వలలు ఆరేసుకోవడానికి అంతకంటే మంచి జాగా లేదు. అయినా వెళ్ళేవారు కాదు. అక్కడ ఒడ్డున గరిఫాలియా ఉండేది మరి.

గరిఫాలియా అంటే చేపల పడవ. చెక్క పడవ. నేను చెప్పబోయేదానికి పదకొండేళ్ళ ముందు, జనవరి నెలలో ఒక తెల్లవారుజామున అది తనంతట తానే వచ్చి ఆ రాళ్ళ మధ్య ఇరుక్కుంది. ఇంజను ఇంకా తిరుగుతోంది. దీపం వెలుగుతోంది. పడవ నడిపే ప్రొకోపిస్ మాత్రం అందులో లేడు. శవం కూడా దొరకలేదు.

పడవని ఒడ్డుకి లాగి, కర్రలు దన్ను పెట్టి నిలబెట్టారు. ఇంజను ఎవరో కొనుక్కుపోయారు. ఆ తర్వాతే మొదలైంది...

రాత్రిపూట లోపల్నించి ఎవరో తలుపు తట్టినట్టు చప్పుడు. మెల్లగా... ఒకటి... ఆగి, ఇంకొకటి. ఇత్తడి మేకులు పీక్కుందామని వెళ్ళిన ఇద్దరు మొనగాళ్ళు చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. చెప్పుల కోసం పగలు కూడా వెళ్ళలేదు.

ఈ సంగతి నాకు ఇగ్నాటిస్ చెప్పాడు. అతనికి జరిగిందే. ఎలా చెప్పాడో అలాగే చెబుతాను.

ఇగ్నాటిస్‌కి అప్పుడు నలభై నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న పడవ మీద పెరిగాడు, ఆ పడవతోనే బతికాడు. ఆ శరదృతువులో దక్షిణపు గాలి లేచి, ఆ పడవని రేవు గోడకేసి కొట్టింది. తెల్లారేసరికి పొయ్యిలోకి పనికొచ్చే చెక్కలు మిగిలాయి. ఆ చెక్కలు కూడా అతను పొయ్యిలో పెట్టనివ్వలేదు. పెరట్లో పేర్చి, మీద పట్టా కప్పాడు.

అప్పట్నించీ లాంబ్రోస్ అనే ఆసామి పడవ మీద కూలికి పోయేవాడు. లాంబ్రోస్ అతన్ని "కెప్టెన్‌గారూ" అని పిలిచేవాడు. "కెప్టెన్‌గారూ, ఆ చేపల పేగులు కాస్త కడగండి" అనేవాడు. అందరూ నవ్వేవారు. ఇగ్నాటిస్ కడిగేవాడు.

దానికి తోడు లైసెన్సు గొడవ ఒకటి. డిసెంబరు ఆఖరులోగా తన పేరిట పడవ ఉన్నట్టు కాగితం చూపించకపోతే చేపలు పట్టే హక్కు పోతుంది. పోతే మళ్ళీ రాదు. కొనే శక్తి లేదు. అందుకని అవతలి ఒడ్డున చేపల్ని పెంచే చోట పనికి ఒప్పుకున్నాడు. మంగళవారం ఓడెక్కాలి.

అలాంటప్పుడు ప్రొకోపిస్ భార్య కలియోపి చర్చి బయట అతన్ని ఆపింది.

"పడవ తీసుకుంటావా నాయనా? ఊరికే ఇస్తా. సోమవారం పొద్దున యంత్రం తెచ్చి విరగ్గొడతారట, రేవు ఆఫీసు వాళ్ళు కాగితం పంపారు."

ఇంటికెళ్ళి భార్య మిర్సీనీతో చెప్పాడు. ఆవిడ సార్డీన్ చేపల తలలు తుంచుతోంది. చెయ్యి ఆపలేదు.

"ఊరికే ఇస్తానందా! నీ ముందు ఇద్దరికి కూడా ఊరికే ఇస్తానంది. ఇద్దరూ రాత్రి చూడ్డానికెళ్ళి పొద్దున్నే వద్దన్నారు. ఎందుకో అడిగావా?"

"దెయ్యాలంటే నమ్ముతావా నువ్వు?"

"దెయ్యాల మాట దేవుడెరుగు. పుచ్చిన చెక్కంటే మాత్రం నమ్మకముంది నాకు. రెండేళ్ళు దాన్ని చెక్కుతూ కూర్చుంటే ఏం తింటాం, రంపపు పొట్టా?"

 ఆవిడ చేప కింద పెట్టింది. అప్పటికి గొంతు మారింది.

"వెళ్ళి చూసిరా. చూడకుండా ఓడెక్కావంటే జన్మంతా నన్నే అంటావు."

ఆదివారం లాంబ్రోస్ పడవ ఆలస్యంగా వచ్చింది. చలికాలం, ఐదున్నరకే చీకటి. ఇగ్నాటిస్ చిన్న సుత్తి, టార్చి జేబులో పెట్టుకుని నల్లరాళ్ళ రేవుకి దిగేసరికి కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనిపించడం లేదు.

గాలి లేదు. సముద్రం చప్పుడు లేదు. పడవ మాత్రం ఉంది... నల్లగా, ఎత్తుగా, కర్రల మీద.

చెక్క మంచిదో కాదో తెలుసుకోవడం వాళ్ళ నాన్న నేర్పిన విద్యే. సుత్తితో కొట్టాలి. గట్టి చెక్కయితే ఖంగుమంటుంది. పుచ్చినదైతే దిండు మీద కొట్టినట్టుంటుంది. అన్నిటికంటే ముఖ్యం అడుగున ముందునించి వెనక దాకా పోయే వెన్నుదూలం. అది పోతే పడవ పోయినట్టే, ఇక చూడక్కర్లేదు.

ముక్కు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కొట్టాడు.

ఖంగ్.

బాగుంది. ఒక అడుగు జరిగి మళ్ళీ కొట్టాడు. ఖంగ్. అతని గుండెలో ఏదో కదిలింది, రెండు నెలల తర్వాత మొదటిసారి. మూడోసారి కొట్టబోతూ సుత్తి ఎత్తాడు—

టక్.

సుత్తి ఇంకా చేతిలోనే ఉంది.

చెక్క ఆరేటప్పుడు అలా చిట్లుతుందిలే అనుకున్నాడు. పదకొండేళ్ళుగా ఆరిన చెక్క ఈ రాత్రే ఎందుకు చిట్లుతుందని అనుకోలేదు. కొట్టాడు.

ఖంగ్.

లోపల్నించి... టక్.

సరిగ్గా తను కొట్టిన చోటే. చెక్కకి అటు వైపు.

 పాకుతూ వెనక్కి జరిగాడు, పడవ మధ్య దాకా. అక్కడ కొట్టలేదు. చెవి ఆనించాడు.

లోపల ఏదో... బట్ట ఈడ్చినట్టు... తనతో పాటే జరిగింది. వచ్చి ఆగింది.

టక్. టక్. టక్. చెవి పక్కనే!

సుత్తి ఎక్కడ పడిందో తెలీదు. గట్టెక్కి, అక్కడ ఆపి ఉంచిన మోటారు సైకిల్ మీద కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. పోవచ్చు. పోతే ఇంట్లో పొయ్యి వెచ్చగా ఉంటుంది. రేపు యంత్రం వస్తుంది. ఎల్లుండి ఓడ...

"పోలేకపోయానురా" అన్నాడు నాతో. "ధైర్యం వచ్చి కాదు. ఇక పోవడానికి చోటు లేక."

ఇంజను ఆపేశాడు. కిందకి దిగాడు. తనలో తను మాట్లాడుకుంటున్నాడట, పిచ్చివాడిలా. "ప్రొకోపిస్ బాబాయ్... నువ్వే అయితే కానీ... నాకు పడవ కావాలి... నువ్వు ఒక మూల ఉండు, నేను ఒక మూల ఉంటా..."

పడవకి ఆనించి ఉన్న నిచ్చెన ఎక్కాడు. పైచెక్క మీద కాలు పెడితే మెత్తగా దిగింది. ముందు వైపు, ఒకప్పుడు ప్రొకోపిస్ పడుకునే గదికి పైన చెక్క మూత. వేళ్ళు పెట్టి లేపాడు. లేచింది... పదకొండేళ్ళ మూత తేలిగ్గా, కీచుమనకుండా లేచింది. బందులకి ఎవరో కొత్తగా నూనె రాశారు.

టార్చి లోపలికి వేశాడు.

రెండు పాదాలు.

ఉన్ని మేజోళ్ళు వేసుకున్న రెండు పాదాలు. వాటి మీద దుప్పటి. దుప్పటి మీద చెక్క సుత్తి పట్టుకున్న ముడతల చెయ్యి.

"ఆ మూత వేసెయ్ నాయనా" అంది గొంతు, గుసగుసగా. "చలిగాలి కొడుతోంది."

కలియోపి.

అతను ఆ రంధ్రం అంచునే కూలబడ్డాడు. నవ్వాలో, తిట్టాలో తెలియలేదు. చివరికి, "పిన్నీ... పదేళ్ళ ఆయుష్షు తీసేశావు" అన్నాడు.

"తడితే పోయినవాళ్ళెవరూ మళ్ళీ రాలేదు. నువ్వు మళ్ళీ వచ్చావు."

"పదకొండేళ్ళ నించీ నువ్వేనా?"

"రోజూ కాదు. ఇంట్లో నిద్రపట్టని రోజున వస్తా. ఈ గోడకి ఆయన తల నూనె మరక ఇంకా ఉంది. ఎవడో ఒకడు మేకులు పీకడానికి వస్తాడు... తడతా. పోతాడు."

"మరి నాకిస్తానన్నావు! ఇస్తానన్నదానివి ఎందుకు తరుముతున్నావు?"

ఆవిడ దుప్పటి గుండెల దాకా లాక్కుంది.

"ఇద్దామనే అన్నా. ఎవరి దగ్గరున్నా బతికుంటుంది కదా అనుకున్నా. కానీ ఎవరో వచ్చి దీని ఒంటి మీద చెయ్యి వేస్తే... నా చెయ్యి ఆగదు. రేపు పొద్దున కూడా ఇక్కడే ఉంటా. నాతో కలిపి విరగ్గొట్టమను."

అది బెదిరింపు కాదు. ఆవిడ పక్కన సంచిలో ఆదివారం వేసుకునే నల్లబట్టలు, శవానికి తొడగడానికన్నట్టు, మడిచి ఉన్నాయి. అవి చూసి ఇగ్నాటిస్‌కి అంతకుముందు వేసిన భయం ఒక భయమే కాదనిపించింది.

"పిన్నీ, రేపు నువ్వు చస్తే నాకు పడవా లేదు, నీకు పడవా లేదు. నువ్విక్కడ పడుకున్నదానివి. ఏ చెక్క మంచిదో, ఏది కారుతుందో నీకు తెలిసినంత నాకు తెలీదు. చెప్పు. మంచిదని తేలితే ఆలోచిద్దాం."

"పుచ్చిందని తేలితే?"

 "తేలనీ" అన్నాడు.

తెల్లవార్లూ ఆ పనే. అతను కింద, ఆవిడ లోపల. అతను కొడతాడు, ఆవిడ తడిమి చూసి గట్టిగా చెబుతుంది. "ఇది రాయి! ఇది రాయిలా ఉంది!" "ఇది వద్దు, ఇందులో వేలు దిగుతుంది." ఎడమ వైపు పలకలన్నీ పోయాయి. పలకల్ని పట్టి ఉంచే పక్కటెముకలు సగం పోయాయి. పైచెక్క మొత్తం పోయింది. వెన్నుదూలం ముక్కు నించి వెనక దాకా ఖంగుమంది... చివర్లో ఒక మూరెడు మేర మెత్తబడింది.

అతను ఇసుకలో చతికిలబడ్డాడు.

"రెండేళ్ళు. తక్కువలో తక్కువ."

ఆవిడ నిచ్చెన దిగి పక్కన కూర్చుంది. సంచిలోంచి బ్రెడ్డు తీసి విరిచి సగం ఇచ్చింది. తిన్నారు. తీసుకుంటానని అతను అనలేదు. తీసుకోమని ఆవిడా అనలేదు. తూర్పున తెల్లబడుతోంది. అప్పుడే గట్టు మీద గొలుసుల చప్పుడు వినిపించింది... యంత్రం.

యంత్రం ఇసుకలోకి దిగింది. ఇనుప తొట్టి పైకి లేచింది. కలియోపి లేచి, పాలిపోయిన మొహంతో నిచ్చెన వైపు నడిచింది. ఇగ్నాటిస్ ఆవిణ్ణి ఒక చేత్తో ఆపి, యంత్రానికి అడ్డం నిలబడ్డాడు.

"ఇది నాది!" అని అరిచాడు.

అప్పటిదాకా తనకే తెలీదట, తీసుకుంటానని.

తోలేవాడు ఇంజను ఆపాడు. "కాగితం ఉందా?"

"లేదు. ఆఫీసు తెరిస్తే రాయించుకుంటా."

"ఎనిమిదింటికల్లా పని అయిపోవాలని నాకు ఆర్డరుంది. నేను కాకపోతే ఇంకొకణ్ణి పంపుతారు."

 తోలేవాడు ముసలావిడని చూశాడు. ఇసుక అంటుకుపోయిన మేజోళ్ళు, జుట్టు నిండా చెక్కపొడి. తర్వాత పనిముట్ల పెట్టె తెరిచి, ఇనుము కోసే రంపం తీశాడు. "మీరిద్దరూ కాస్త సముద్రం వైపు చూడండి" అన్నాడు. యంత్రం నూనె పైపుని పట్టుకుని కోశాడు. నల్లనూనె ఇసుకలోకి కారింది.

"యంత్రం చెడిపోయింది" అన్నాడు. "కొత్త పైపు గురువారం ఓడలో గానీ రాదు. ఈలోపు ఏం చేసుకుంటారో చేసుకోండి."

మంగళవారం కలియోపి ఆఫీసులో సంతకం పెట్టింది. ఇగ్నాటిస్ ఎక్కాల్సిన ఓడ అతను లేకుండానే పోయింది. పడవ అతని పేరిట కాగితం మీదికెక్కింది కాబట్టి లైసెన్సు నిలిచింది. బుధవారం, దెయ్యాన్ని చూశామని చెప్పుకున్న మొనగాళ్ళే వచ్చి, దుంగలకి కొవ్వు రాసి, గరిఫాలియాని అతని పెరటి దాకా లాగారు.

రెండేళ్ళన్నాడు కానీ మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ లాంబ్రోస్ దగ్గర పేగులు కడుగుతూనే ఉన్నాడు. ఒక చలికాలం ఇంట్లో ఉల్లిపాయలు, ఆలివ్‌లు తప్ప ఏమీ లేవు. మిర్సీనీ రెండుసార్లు పుట్టింటికి పోయి, రెండుసార్లు తిరిగొచ్చి, చెక్కలకి గరుకు కాగితం పట్టింది. కలియోపి ముందుగదిలో ఆ మరకున్న చెక్కని మార్చనివ్వలేదు. మొన్న జూన్‌లో నీళ్ళలోకి దించారు. ఆవిడ ఒడ్డునే నిలబడి చూసింది, ఎక్కలేదు. ఇప్పుడు ఆవిడ రాత్రిళ్ళు ఇంట్లోనే పడుకుంటోంది.

ఇదంతా దగ్గరుండి చూసినట్టు చెబుతున్నావే, ఇగ్నాటిస్ చెప్పినదేనా అంటారేమో. చివరి ముక్క మాత్రం కాదు. యంత్రం తోలింది నేనే.

పైపు ఎలా తెగిందని మా యజమాని అడిగాడు. ఎలుకలు కొరికాయన్నాను. ఉక్కు తీగ అల్లిన పైపు అది, అంచు నున్నగా ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, నా మొహం చూశాడు.

"ఏ రేవులో?" అన్నాడు.

"నల్లరాళ్ళ రేవులో."

"ప్రొకోపిస్ మా అమ్మకి అన్నయ్యవుతాడు" అన్నాడు. పైపుని చెత్తబుట్టలో పడేసి వెళ్ళిపోయాడు.