బసవప్ప నాయకుని ముఖవర్ణం

పెన్నానది రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట, నిట్టనిలువు ఎర్రరాతి కొండపై నిలిచిన కంబాలదుర్గాన్ని శత్రుసేన చుట్టుముట్టి అప్పటికి మూడు నెలలు. బురుజు మీద నిలబడి చూస్తే కనుచూపు మేరా శత్రువుల గుడారాలే. పగలల్లా ఫిరంగుల గర్జన, కందకంలో ఉబ్బిన శవాల మీద గద్దల పోరు. కోటలోని ఏడువేల ప్రాణాలకు సేనాధిపతి బసవప్ప నాయకుడే దిక్కు.

ఆ ఘోరం నడుమనే, మందుగుండు కొట్టును ఆనుకున్న చావడిలో, చిత్రకారుడు కాచోజు మనిషి చర్మపు రంగు కలపడం నేర్చుకుంటున్నాడు. ఇరవై ఏళ్లుగా గుడి కప్పుల మీద దేవతలను రాసిన చేయి అతనిది. దేవుడైతే నీలం, దేవి అయితే పసుపు, అంతటా ఒకే పూత. ఇప్పుడు అతనికి గురువు దువార్తు అనే పరంగివాడు. సముద్రతీరంలో బందీగా చిక్కి, ఫిరంగులు పోతపోయడానికి కోటకు వచ్చినవాడు. ఆ బందీ రంగులను అవిసె నూనెలో నూరేవాడు.

"నీవు ముఖం మీద రంగు పూస్తున్నావు కాచోజూ. ముఖం అడుగున నెత్తురు పారుతోంది. ముందు దాన్ని రాయి" అనేవాడు దువార్తు.

చెక్కపలక మీద మొదట పచ్చమన్ను పూత. అది ఆరాక పలుచగా జేగురు, సీసపు తెలుపు. ఎముక చర్మానికి దగ్గరైన చోట తెలుపు ఎక్కువ, చెవి తమ్మెల మీద ఎరుపు, కంటి కింద అడుగుపచ్చను అలాగే వదలాలి. కాచోజు రాసిన ముఖాలు ఒకసారి ఇటుకలా, ఒకసారి పీనుగులా వచ్చేవి. పదకొండు సార్లు గీకి పారేశాడు. పన్నెండోసారి జ్వరంతో పడి ఉన్న ఒక భటుణ్ణి రాస్తే, చూసినవారు ఆ చెంప వేడిగా ఉందేమోనని చేయి చాచారు.

ఆ వార్త మంత్రి నాగరసు చెవిన పడింది. ఆయన స్వయంగా చావడికి వచ్చాడు.

"కాచోజూ, నాయకులవారి రూపం ఈ రాజ్యంలో చిరకాలం నిలవాలని ప్రభువుల కోరిక. ఆయన నీ ఎదుట కూర్చుంటారు. తల్లి సైతం పొరబడేంత పోలిక రావాలి" అన్నాడు.

కాచోజు పొంగిపోయాడు. ఇరవై రోజులు, ఫిరంగుల కాల్పులు ఆగిన ప్రతి మధ్యాహ్నమూ, బసవప్ప నాయకుడు ముక్కాలిపీట మీద కదలకుండా కూర్చున్నాడు. శిరస్త్రాణం కప్పిన నుదురు లేతగా, దాని కింది ముఖం ఎండకు కాలి రాగిలా ఉండేది. ఎడమ చెవి కింద తోలుపట్టీ ఒరిపిడికి చర్మం తెల్లబడింది. కుడి దవడ మీద ఎప్పుడో పేలిన తుపాకిమందు నీలి చుక్కలై నిలిచిపోయింది.

"ఆ మచ్చలు కూడా రాస్తావా?" అని నాయకుడు నవ్వాడు.

"అవి లేకుంటే తమరెలా అవుతారు దొరా?" అన్నాడు కాచోజు.

పలక మంత్రిగారి ఇంటికి వెళ్లింది. తరువాత వారానికి కోటలో ధాన్యం నిండుకోవచ్చింది. నాయకుడు మీసం తీసి, తల గొరిగించుకుని, విభూతి పూసుకుని, జంగమ వేషంలో దక్షిణాది సామంతుని సాయం తేవడానికి ఒంటరిగా బయలుదేరాడు. ఆయన వెళ్లిన సంగతి ఎరిగినవారు రాజు మల్లభూపతి, మంత్రి నాగరసు, నాయకుని భార్య నాగసాని మాత్రమే. ఏ వేషంలో వెళ్లిందీ రాజుకు కూడా చెప్పలేదు.

పదిరోజులైనా కబురు లేదు. నాగరసు నిండుసభలో లేచి, "ప్రభూ, చెప్పడానికి నా నాలుక ఆడటం లేదు. నాయకుడు శత్రువుతో చేయి కలిపాడు" అన్నాడు. ఆరునెలల గర్భిణి నాగసానిని చెరలో వేశారు.

మూడోనాడు శత్రువులు ఒక తలను వెదురుబొంగుకు గుచ్చి కోటవాకిట నాటిపోయారు. బోడితల, మీసం లేని ముఖం, దెబ్బలకు పగిలిన పెదవులు. సభలోకి తెస్తే ఎవరూ గుర్తించలేకపోయారు.

"ఎవడో బైరాగి తల. మనల్ని బెదిరించే ఎత్తు" అన్నాడు మంత్రి.

చూడవచ్చినవారి నడుమ నుంచి కాచోజు ముందుకు వచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"మహారాజా! నుదుటి మీద శిరస్త్రాణపు గీత చూడండి. చెవి కింద పట్టీ ఒరిపిడి, దవడ మీద మందు చుక్కలు. ఈ చర్మాన్ని ఇరవై రోజులు గుడ్లప్పగించి చూసినవాణ్ణి. వీరు మన నాయకులవారే. నేను రాసిన పలకను తమరు చూడలేదా?"

"ఏ పలక?" అన్నాడు రాజు.

పలకను తెమ్మంటే నాగరసు తేలేకపోయాడు. అతని సేవకుణ్ణి కట్టి కొరడాలతో వీపు చీరితే, ఇరుపక్షాలూ చచ్చినవారి శవాలను మార్చుకున్న నాడు దాన్ని శత్రుశిబిరంలో ఇచ్చివచ్చానని, దారికాపు భటులందరికీ ఆ ముఖం మీది మచ్చలతో సహా చూపించారని, బదులుగా తన యజమానికి కోట ఇస్తామన్నారని చెప్పి ప్రాణం విడిచాడు.

నాగరసును పడమటి బురుజు మీద నుంచి తోశారు. రాళ్ల మీద పడి, సూర్యుడు వాలేదాకా అరిచాడు. నీళ్లు ఇవ్వడానికి ఎవరూ దిగలేదు.

చెర విడిపించిన నాగసానిని రాజు సభలో కూర్చోబెట్టాడు. "అమ్మా, ఈ చిత్రకారుడు తెలియక చేసినా, నీ భర్తను పట్టించింది వీడి చేయే. శిక్ష నీవే చెప్పు."

ఆమె కాచోజు చేతివైపు చూసింది. "దేవరవారు ఆలకించాలి. నా కడుపులో బిడ్డకు తండ్రి ముఖం తెలియదు. వీడు ఆయన్ను మళ్లీ రాయాలి. రాయడం ముగిసిన నాడు కుడిచేతి బొటనవేలు తీయించండి."

కాచోజు తలవంచి, "చిత్తం తల్లీ" అన్నాడు.

దువార్తు రంగులు నూరిపెడుతూ, "ఒక్కో పూత ఆరడానికి రోజులు పడుతుందని చెబుతాను. రెండు నెలలు లాగుదాం. ఈలోగా కోటే ఉండకపోవచ్చు, నీ వేలు నీకుంటుంది" అన్నాడు.

"కోట పడితే ఆ బిడ్డకు ఈ ముఖం తప్ప మిగిలేదేముంది?" అని కాచోజు తడి మీదే తడి వేస్తూ ఆగకుండా రాశాడు. ఎదుట మనిషి లేడు. కళ్లు మూసుకుంటే వెదురు మీది తలే కనిపించేది. ఆ సీసపు బూడిదరంగును తోసివేసి, చెంపల్లోకి నెత్తురు తేవడానికి ఐదు రోజులు పట్టింది. ఆరోనాటి ఉదయం కుంచె దించాడు.

నాగసాని వచ్చింది. పలకలో ఆమె భర్త ఎండలో కాలిన ముఖంతో నవ్వబోతున్నాడు. ఆమె ఒక్కమాటు చేయి చాచి, తడి రంగని గుర్తొచ్చి వెనక్కు తీసుకుంది. ఆ క్షణాన కాచోజు కళ్లలో ఆశ మెరిసింది. వాకిట నిలబడిన తలారి కూడా కత్తి దించాడు.

ఆమె పైటతో కళ్లు తుడుచుకుని తలారివైపు తిరిగింది.

"కానివ్వండి."

కాచోజు తానే వెళ్లి చేతిని మొద్దు మీద పెట్టాడు.

ఆ తరువాత పదహారోనాడు కంబాలదుర్గం పడిపోయింది. మల్లభూపతి వాకిట్లోనే నరకబడ్డాడు. ఊరు మూడు రోజులు తగలబడింది. కొండ వెనుక దొంగమెట్ల దారిన పారిపోయిన ఆడవాళ్లలో నాగసాని ఉంది. ఇంకా ఆరని పలకను ఒంటికి తగలకుండా రెండు చేతులా దూరంగా పట్టుకుని, కట్టుబట్టలతో ఆమె దక్షిణాదికి నడిచింది.