రత్నం లెక్క తొమ్మిది

"ఏవండోయ్ కోటుగారూ! మొగుణ్ణీ పెళ్ళాన్నీ విడదీసి చెరో సీసాలో పెట్టేరేంటండీ, పాపం!"

ఎవరా అని వెనక్కి తిరిగాను. తిరగడమే పొరపాటైంది. నేను తిరిగాను గానీ నా బూటు తిరగలేదు. అది బురదలోనే ఉండిపోయింది, నేను బోర్లా పడ్డాను.

లేచి ముఖం తుడుచుకుని చూస్తే, మడచెట్టు వేరు మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్లో చేపల బుట్ట. నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగితేనా!

ఇది ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన పదేళ్లకి జరిగిన సంగతి. ఓడలరేవు దగ్గర, గోదారి పాయ వైనతేయ సముద్రంలో కలిసేచోట. నా పేరు లోవరాజు, అప్పటికి ఇరవై రెండేళ్లు. విట్‌కాం దొరగారి దగ్గర గుమాస్తాని. ప్రాణులన్నీ ఒక్కనాడే ఇలా పుట్టలేదు, తరతరాలుగా కొంచెం కొంచెంగా మారుతూ వచ్చాయి అని దొరగారి వాదం. ముప్పై ఏళ్లుగా ఆయన నత్తల్నీ చేపల్నీ పీతల్నీ సారాసీసాల్లో పెట్టి లండను పంపడం, అక్కడి పండితులు వెక్కిరిస్తూ ఉత్తరాలు రాయడం, అవి చదివి ఈయన నిట్టూర్చడం. ఆయన రాజమండ్రి బంగళాలో ఉండేవారు. నేను బురదలో ఉండేవాణ్ణి.

"ఎందుకు నవ్వుతావ్? ఇవి రెండు వేరే జాతుల పీతలు. ఒక డెక్క, అదే ముందరి కొండి, పెద్దగా ఉన్నది ఒకటో నంబరు. రెండూ చిన్నగా ఉన్నది రెండో నంబరు," అన్నాను గట్టిగా.

"ఆయ్, అలాగేనండి. మా నాన్నకి మీసాలున్నాయండి, మా అమ్మకి లేవండి. వాళ్లని కూడా ఒకటో నంబరూ రెండో నంబరూ అని రాసుకోండి."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే నేనూ పల్లెకారుల ఇంట పుట్టినవాణ్ణే. అంతర్వేదిలో మా నాన్న వల విసిరి నన్ను పెంచాడు. ఎనిమిదో ఏట మిషన్ బడికి పోయాను, ఇంగ్లీషు వచ్చింది, కోటు వచ్చింది. సెలవులకి ఇంటికెళ్తే చేపల వాసనకి ముక్కు మూసుకుని కూర్చునేవాణ్ణి. దొరగారి కచేరీలో మా నాన్న పని గురించి ఎవరడిగినా మాట మార్చేవాణ్ణి. అలాంటివాడికి ఆడపీత ఏదో మగపీత ఏదో ఎలా తెలుస్తుంది చెప్పండి?

మర్నాడు సిగ్గు విడిచి ఆమె దగ్గరికే వెళ్లాను. పేరు రత్నం. పడవ సరంగు సత్తియ్యగారి కూతురు.

"చెప్తానండి. ముందా బూట్లు విప్పండి. నిన్న మీరు పడ్డప్పుడు నాలుగు కన్నాలు పూడిపోయేయి. అందులో కాపరాలున్నాయండి."

బూట్లు విప్పాను. పక్కన కూర్చున్నాను. కాసేపటికి బురదలోంచి పీతలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. మగవాటన్నిటికీ ఒక్కటే పెద్ద డెక్క. దాన్ని పైకెత్తి ఊపుతున్నాయి, దించుతున్నాయి, మళ్లీ ఊపుతున్నాయి.

"అంత డెక్క దేనికి? దెబ్బలాటకా?"

"కొంచెం దెబ్బలాటకేనండి. ఎక్కువ మాత్రం పిలవడానికి. 'ఇలా రా, మా ఇల్లు చూడు' అంటన్నాడు."

"మరి ఆడది?"

"ఆవిడ చూస్తదండి. నచ్చకపోతే పక్కింటికి పోతది. ఎంచుకునేది ఆవిడేనండి."

"డెక్క పెద్దగా ఉన్నవాణ్ణేనా?"

"అబ్బే! లోపలికెళ్లి ఇల్లు కూడా చూసుకుంటదండి. పైన కోటు చూసి పడిపోతారేంటండీ ఎవరైనా?"

నా చెవులు కాలిపోయాయి. ఆమె మాత్రం పీతల వంకే చూస్తోంది, ఏమీ అననట్టు.

ఇదంతా ఊరికే చెప్పిన మాట కాదు. పన్నెండో ఏటినుంచీ ఆ పర్రలో, ఆ ఉప్పు బురదనేలలో కూర్చుని చూస్తోందట. వాళ్ల నాయనమ్మ సున్నపుకాయని రత్నం ఎత్తుకొచ్చి, ఏ పీత ఏదో గుర్తుండాలని వీపుల మీద వేలితో సున్నం చుక్కలు పెట్టేది. ఒక ఆడపీత బయలుదేరితే, అది కాదని దాటిపోయిన ప్రతి మగపీతకీ ఒక గవ్వ కొంగులో వేసేది. అది ఏదో ఒక కన్నంలో స్థిరపడగానే గవ్వలు లెక్కపెట్టేది.

"ఎక్కువసార్లు ఎంతొచ్చింది?" అని అడిగాను.

"తొమ్మిదండి. తొమ్మిదిమందిని కాదని పదోవాడి దగ్గర ఆగుతది."

మూడు నెలలు రోజూ వెళ్లాను. వానొస్తే ఇద్దరికీ ఒకటే తాటాకు గొడుగు. ఆమె గొడుగు నా వైపు వంచేది, నేను ఆమె వైపు వంచేవాణ్ణి, చివరికి ఇద్దరమూ తడిసేవాళ్లం. పీతలు లోపలికి పోయినా మేం లేచేవాళ్లం కాదు. "ఇంకా దేనికండీ కూర్చున్నారు?" అని అడిగేది. "మళ్లీ వస్తాయేమోనని," అనేవాణ్ణి. "ఆయ్, వస్తాయండి," అని తనూ కూర్చునేది.

ఇంత బాగా జరుగుతున్నదాన్ని నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను.

దొరగారికి రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. 'పల్లెకారుల అమ్మాయి రత్నం చెప్పింది' అని రాయబోయి కలం ఆపాను. ఆ పల్లెతో నీకేం పని అని అడిగితే? నా పుట్టుక బయటపడితే? 'నేను కనిపెట్టాను' అని రాశాను. సున్నం చుక్కలు నేనే పెట్టానన్నాను. తొమ్మిది మరీ చిన్న అంకెలా కనిపించింది. ఇరవై అని రాశాను!

"రాసేరాండీ?" అని అడిగింది మర్నాడు.

"రాసేను."

"నా సున్నం చుక్కల సంగతీ?"

"అన్నీ రాసేను."

"నా పేరు కూడానా?" ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో! ఆ కళ్లు చూస్తూ కూడా, "నీ పేరు కూడా," అన్నాను. నన్ను నేను తిట్టుకోవడానికి ఈనాటికీ సరైన మాట దొరకలేదు.

ఏడాది గడిచింది. రత్నాన్ని నాకిమ్మని సత్తియ్యగారిని నేనే వెళ్లి అడిగాను. మా నాన్ననీ పిలిపించాను. తాంబూలాలు పుచ్చుకున్నారు. పెళ్లి వారంరోజులుందనగా, పడవలో దొరగారు దిగారు!

మనిషి పదేళ్లు చిన్నవాడైపోయాడు. ఆ పీతల కాగితం లండను సభలో చదివారట. ముప్పై ఏళ్లుగా నవ్విన పండితులు లేచి నిలబడ్డారట. జోడీని ఎంచుకునే ఆడదాని వల్లే మగవాటి రూపం తరతరాలుగా మారుతుందని ఆయన వాదిస్తే, అవునని జర్మనీ నుంచి కూడా ఉత్తరాలొచ్చాయట. ఊరంతా రేవులో పోగైంది. దొరగారు అచ్చుకాగితం తీశారు. ఆయనది పంతులు దగ్గర నేర్చుకున్న తెలుగు.

"నా గుమాస్తా అగు లోవరాజు స్వహస్తములతో పీతలకు సున్నపు బొట్లు పెట్టి, ఒక్కొక్క ఆడపీత ఇరువది మగపీతలను నిరాకరించుట కనిపెట్టినాడు! ఈ కీర్తి అతనిది!"

జనం ఈలలు వేశారు. మా నాన్న కళ్లు తుడుచుకున్నాడు. నేను రత్నం వైపు చూశాను.

కోపంగా చూసినా బాగుండేది. ఆమె తల దించేసుకుంది. తప్పు నాది, సిగ్గుపడుతున్నది తను. తన పక్కన నిలబడ్డ మనిషి ఇలాంటివాడని ఊళ్లో ఎవరికైనా తెలిసిపోతుందేమోనని కొంగు ముఖం మీదికి లాక్కుంది.

దొరగారు వెండిపిడి భూతద్దం నా చేతికి ఇవ్వబోయారు. నా చెయ్యి లేవలేదు.

"నేను కనిపెట్టలేదండి," అన్నాను.

"ఏమి?"

"నేను కనిపెట్టలేదండి దొరగారూ. ఈ అమ్మాయి కనిపెట్టింది. చుక్కలు తనవి, గవ్వలు తనవి. నేను పక్కన కూర్చున్నాను, అంతే. నేను కూడా పల్లెకారుల బిడ్డనేనండి. అది దాచాలని ఇది దొంగిలించేను. అదిగో, మా నాన్న."

నేలలోకి కుంగిపోతే బాగుండునని ఎదురుచూశాను. నేల కుంగలేదు.

సత్తియ్యగారు ముందుకొచ్చారు. ఆ పడవలకి ఒక కట్టుబాటుంది. చేపల గుంపుని ముందు చూసి కేకేసినవాడికి మొదటి చేప ఇస్తారు. ఇంకొకరు చూసినదాన్ని తను చూశానన్నవాడు చూపుదొంగ. వాడు ఏడాది పాటు పడవెక్కకూడదు, ఆ ఏడాదీ వాడింట పెళ్లిబాజా మోగకూడదు.

"అల్లుడుగారూ అని నోరారా పిలుద్దామనుకున్నాను బాబూ," అన్నారు. "కట్టుబాటు నాకూ కట్టుబాటేనండి. ఏడాది తరవాత పిల్ల ఏమంటే అది."

అప్పుడు రత్నం కొంగు తీసింది. నాతో కాదు, దొరగారితో మాట్లాడింది.

"ఆ ఇరవై తప్పండి. తొమ్మిదండి."

"తొమ్మిదియా? నిశ్చయమా?"

"గవ్వలు ఇంట్లో ఉన్నాయండి. తెమ్మంటారా? పేరు ఎవరిదేసుకున్నా పోన్లెండి, లెక్క మాత్రం తప్పు రాయకండి."

దొరగారి ముఖం పాలిపోయింది. తప్పు అంకె అప్పటికే సముద్రాలు దాటేసింది. ఆయన ఆ అమ్మాయికి రెండు చేతులూ జోడించారు. భూతద్దం ఆమె చేతిలో పెట్టారు. నన్ను కొలువులోంచి తీసేశారు. న్యాయమే.

ఏడాదంతా ఒడ్డున కూర్చుని ఊరివాళ్ల వలలు బాగుచేశాను. పక్కన మా నాన్న. ముక్కు మూసుకునే ఓపిక పోయింది, ఆ వాసన నాదేనని ఒప్పుకున్నాను. రత్నం రోజూ నా ముందునుంచే వెళ్లేది. చంకలో పలక! ఊళ్లో ఎలీసమ్మగారి మిషన్ బడికి, ఇంగ్లీషు నేర్చుకోవడానికి.

ఒకరోజు ఉండబట్టలేక, "ఇంగ్లీషు అయితే నేనూ చెప్పగలను," అన్నాను.

"మీరు చెప్తే మీరు చెప్పిందే వస్తదండి. కాగితంలో ఉన్నది రాదు," అని ఆగకుండా వెళ్లిపోయింది. అన్ని నెలల్లో నాతో మాట్లాడింది అంతే.

ఆ ఏడాది ఇంకా ముగియకుండానే దొరగారి దగ్గరనుంచి కొత్త అచ్చుకాగితం వచ్చింది. తీసుకెళ్లి సత్తియ్యగారి అరుగు మీద పెట్టి, దూరంగా నిలబడ్డాను. రత్నం అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదివింది. తన పేరు దగ్గర వేలు ఆగింది. మళ్లీ చదివింది. తొమ్మిది దగ్గర తలూపింది. అక్కడితో ఆపేస్తుందనుకున్నాను. ఆపలేదు.

"'లోవరాజు నాకు అబద్ధం రాశాడు. అది తన పని కాదు. లెక్క కూడా మార్చాడు' అనుందండి."

"ఆయ్."

"దొరగారికి ఇంకా ఇంత కోపమాండీ?"

"ఆయన వద్దన్నారు. కుర్రాడివి, ముందు బోలెడు బతుకుంది, నీ పేరు తీసేసి ఊరుకుంటానన్నారు. నేనే ఉత్తరం రాసి అచ్చు వెయ్యమన్నాను."

"దొరల సీమంతా చదువుతారు కదండీ!"

"అబద్ధాన్ని సీమంతా చదివేరు. ఇది మాత్రం ఇక్కడే చెప్పి ఊరుకుంటే ఎలా?"

కాగితం మడిచింది. విప్పింది. మళ్లీ మడిచింది.

"సిగ్గుగా లేదాండీ?"

"ఉంది. చచ్చేంత ఉంది."

నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నేను తల దించుకోకుండా నిలబడ్డాను, అది చాలా కష్టమైంది. తరవాత ఇంట్లోకి తిరిగి కేకేసింది.

"నాన్నా! ఏడాది అవడానికి ఇంకా ఎన్నాళ్లుంది?"

"పదిరోజులుందే. ఏం?"

"పదకొండో రోజుకి బాజాలోళ్లని రమ్మని చెప్పు."