ట్యాపు తిప్పిన చెయ్యి

ఆ రాత్రి పన్నెండో తూము దగ్గర మా అన్నయ్య బండి ఎందుకు ఆగిపోయిందో నాకు తెలుసు. తొమ్మిది నెలలుగా తెలుసు. ఇంతవరకూ నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు.

ముందు ఆ తూము సంగతి చెప్పాలి.

కవితాళ నుంచి మా ఊరు జయరామయ్య క్యాంపుకి కాలవ గట్టు మీదుగా దగ్గర దారి. క్యాంపు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా ఈ తూము. ఇనప గేటు, దాన్ని ఎత్తడానికి పైన ఒక చక్రం, పక్కన కప్పు కూలిపోయిన గది. దీపమన్నది ఉండదు. చీకటిపడ్డాక అక్కడ బండ్లు ఆగిపోతాయని, మనిషి లేకుండానే చక్రం తిరుగుతుందని చెప్పుకుంటారు. మా నాన్నలాంటి మొండిమనిషి కూడా పొద్దుపోతే చుట్టు తిరిగి తారురోడ్డునే వస్తాడు.

కాలవ మీద పనిచేసే సూగప్ప మాత్రం నవ్వుతాడు. "గా పిల్లగాడు సచ్చినంక రాత్రిపూట గేటుకాడికి ఒక్కడు రాడమ్మా. నీళ్ల దొంగలు బందైండ్రు. కింది మళ్లకు గిప్పుడే నీళ్లు సరిగ్గ అందుతున్నయ్. నా నౌకరీ దయ్యమే చేస్తుంది," అంటాడు.

నవ్వుతాడు గానీ, ఆరు కాగానే తనూ సైకిలెక్కేస్తాడు.

ఆ పిల్లగాడు వీరబాబు. మా ఎదురింటి లక్ష్మీతిరుపతమ్మ పిన్నికి ఒక్కడే కొడుకు. మా అన్నయ్య హరిబాబుకి చిన్నప్పటి నుంచీ జంట. పోయిన శ్రావణంలో, నాట్ల రోజుల్లో, ఒక రాత్రి నీళ్ల వంతు మాకొచ్చింది. గేటు ఎత్తాల్సింది అన్నయ్య. జ్వరంగా ఉందని "నువ్వెళ్లరా వీరా" అన్నాడు. వీరబాబు వెళ్లాడు.

తెల్లారేసరికి గట్టు మీద టార్చిలైటు వెలుగుతూనే ఉంది... మనిషి కాలవలో రెండు కిలోమీటర్ల దిగువన దొరికాడు.

అన్నయ్య ఏడవలేదు. పిన్ని పొలం తనే చూసుకున్నాడు. ఎరువు వేశాడు, కలుపు తీయించాడు. రోజూ సాయంత్రం వాళ్ల అరుగు మీద కూర్చుని ఆవిడ పెట్టింది తినేవాడు. "నువ్వు రాకపోతే పొయ్యి వెలిగించబుద్ధి కాదురా," అనేది పిన్ని.

మూడు నెలలు అలా గడిచాయి. తర్వాత ఆ రాత్రి.

అన్నయ్య చెప్పింది చెప్పినట్టే రాస్తాను. ఒక్కసారే చెప్పాడు, అదీ నాకే.

కార్తీకమాసం. మందు కొట్టే మిషనుకి వాషర్లు తేవడానికి నాన్న పాత బండి మీద కవితాళ వెళ్లాడు. తిరిగి బయల్దేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. పెట్రోలు బంకు ముందునుంచే వచ్చాడు, ఆగలేదు. ఇది అయిపోతే రిజర్వు ఉంది కదా, రేపు కొట్టించొచ్చు అనుకున్నాడు. తీరా చూస్తే తారురోడ్డు మీద కంకర లారీ ఒకటి అడ్డంగా దిగబడిపోయి ఉంది. ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అని గట్టు ఎక్కాడు.

తూము ఇంకా వంద గజాలుందనగా ఇంజను దగ్గింది. ఒకసారి... ఇంకోసారి... సరిగ్గా గేటు ముందుకొచ్చి ఆగింది. ఇంజనుతో పాటే లైటూ పోయింది.

కాలవ నిండుగా పారుతోంది. ఆ చప్పుడొక్కటే.

అప్పటికింకా భయం లేదట. రిజర్వుకి తిప్పుకుంటే వెళ్లిపోవచ్చు. ఎడమచెయ్యి ట్యాంకు కిందికి పోనిచ్చాడు. ఆ బండికి పెట్రోలు ట్యాపు మామూలుగా కిందికి ఉంటుంది. రిజర్వు కావాలంటే పైకి తిప్పాలి.

వేళ్లకి తగిలిన ట్యాపు — అప్పటికే పైకి ఉంది.

అంటే రిజర్వు కూడా తాగేసింది బండి. తను తిప్పలేదు. మరి ఎవరు తిప్పారు?

వీరబాబుకి ఒక పాడలవాటుండేది. వెనక కూర్చుని, మాటల్లో పెట్టి, అన్నయ్య మోకాలి పక్కనుంచి చెయ్యి పోనిచ్చి ట్యాపు పైకి తిప్పేసేవాడు. రిజర్వు మీద నడుస్తున్నట్టు అన్నయ్యకి తెలిసేది కాదు. ఏ పొలాల మధ్యో బండి ఆగేది. అన్నయ్య తిట్టుకుంటూ తోస్తుంటే వీడు సీటు దిగకుండా, "తొయ్యి మావా, పొట్ట తగ్గుద్ది," అనేవాడు.

"వీరా..." అన్నాడట అన్నయ్య. తనకే వినపడనంత మెల్లగా.

కిర్ర్...

పైన చక్రం కదిలింది.

గాలి లేదు. గట్టు మీద గడ్డిపోచ కదలడం లేదు. కిర్ర్... మళ్లీ.

"నాకు జ్వరమొచ్చిందిరా ఆ రోజు... నిజంగానే వచ్చింది."

చక్రం ఆగింది. అప్పుడు, కుడి భుజం మీద — ఒక తోపు.

"చెయ్యేనా?" అని అడిగాను నేను.

"చెయ్యే," అన్నాడు.

బండీ తనూ కలిసి ఎడమపక్కకి పడ్డారు. మొహం కాలవ అంచుకి జానెడు దూరంలో ఉంది. ఎలా లేచాడో, బండి ఎలా ఎత్తాడో తెలియదట. పిచ్చెత్తినట్టు కిక్కు కొట్టాడు.

చుక్క పెట్రోలు లేని బండి — స్టార్టయింది.

మా వాకిలి దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది.

ఒళ్లంతా బురద. నీళ్లిస్తే గ్లాసు అందుకుని పక్కన పెట్టేశాడు. "వాడే ఆపాడు సాహితీ. నన్నూ కాలవలోకి తోశాడు. వాడికి నా మీద కోపం పోలేదే," అన్నాడు.

వారం తిరక్కుండా రాయచూరు వెళ్లిపోయాడు. పత్తి మిల్లులో పని చూసుకున్నాడు. మళ్లీ క్యాంపులో కాలు పెట్టలేదు. పిన్ని ఫోన్ చేస్తే ఎత్తడు.

ట్యాపు తిప్పింది నేను.

ఆ రోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక బండి తీశాను. నాకు ఎవరూ నేర్పలేదు. ఫోన్లో వీడియోలు చూసి, నాన్న లేనప్పుడల్లా దొంగతనంగా నడిపి నేర్చుకున్నాను. నాన్నకి తెలిస్తే ఆ ఫోనూ ఉండేది కాదు. పత్తిచేల మధ్య బండి ఆగిపోతే, వీడియోలో చూపించినట్టు ట్యాపు పైకి తిప్పాను. కదిలింది. ఆ సంబరంలో ఇంకో గంట తిరిగాను. రిజర్వు మీదే తిరిగాను. తెచ్చి ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

సాయంత్రం అన్నయ్య బండి తీస్తుంటే గుర్తొచ్చింది. "అన్నయ్యా," అని పిలిచాను కూడా.

"ఏంటే, ఏమన్నా తేవాలా?"

అరుగు మీద నాన్న కూర్చుని ఉన్నాడు.

"జడ రబ్బర్లు," అన్నాను.

తెచ్చాడు. అంత బురదలోనూ జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు.

అప్పుడే చెప్పాల్సింది. మొదట నాన్న భయం. ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ ఇంకో భయం... ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు అంటే ఏమనాలి.

మొన్న కవితాళలో నాన్న బండి బాగుచేయిస్తుంటే, మెకానిక్కు శరణప్పని ఊరికే అడిగాను, రిజర్వు కూడా అయిపోతే ఏం చేస్తారని. తల కూడా ఎత్తలేదు. "ఏముందమ్మా, ఎడమకు పండబెట్టాలె. ట్యాంకుల అవతలిపక్క కొంచెం మిగిలుంటది, ట్యాపు దిక్కు జారి వస్తది. రెండు కిలోమీటర్లు ఆరాంగ పోవచ్చు."

"ఈ సంగతి మా అన్నయ్యకి తెలుసా?"

"మీ అన్నకేం తెల్సు, తోసుడు తప్ప. మీ వీరబాబుకు చెప్పిన. ఎవ్వరికి చెప్పనని ఒట్టేసి మరీ నేర్చుకున్నడు."

అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

తెల్లారితే వీరబాబు సంవత్సరీకం. సాయంత్రం పిన్ని వచ్చి మా గడపలో కూర్చుంది. "నువ్వన్నా చెప్పవే సాహితీ. మీ అన్న రాకపోతే వీరబాబు పేరున వేసే విస్తరి ముందు ఎవర్ని కూర్చోబెట్టను?" అంది. నాన్న చెప్పి చూశాడు. అన్నయ్య ఒకటే మాట అన్నాడట: "నేనొస్తే వాడు ముద్ద ముట్టడు."

బండి ఆపింది నేను. చక్రం కిర్రుమందంటే, సూగప్ప కంట పడని నీళ్ల దొంగ ఎవడైనా తిప్పాడేమో. ఆ తోపు మాత్రం... నాకు తెలియదు. ఎడమపక్కకే, కాలవలో పడకుండా, బండితో సహా. ఎవరు తోశారో గానీ, అన్నయ్య ఇల్లు చేరాలనుకున్నవాళ్లే తోశారు.

ఇప్పుడు ఒంటిగంట. పక్కగదిలో నాన్న దగ్గుతున్నాడు. నేను మాట్లాడితే గోడ అవతలికి వినపడుతుంది. విననీ. తెల్లవారుజామున రాయచూరులో మొదటి బస్సు ఎక్కితే అన్నయ్య విస్తరి వేసే వేళకి అందుకుంటాడు.

నంబరు తీశాను. చేస్తున్నాను.