ఇంజన్ మీద కొబ్బరికాయ

పొద్దున్నే ఉప్మా కలుపుతున్న రామక్క గరిటె ఎత్తి చూసింది. కరివేపాకు పక్కన జిడ్డోడుతున్న నట్టు!

"ఛీ! తిండిల గూడ నీ కారేనా?" అని వాకిట్లోకి విసిరికొట్టింది.

మొగుడు మొండయ్య నవ్వుతూ నట్టు ఏరుకున్నాడు. కొత్తగూడెంలో మెకానిక్. దొర ఎవరో వదిలేసిపోయిన, టాపులేని రెండు సీట్ల రేసు కారును తుక్కులోంచి లేపాడు. అది గర్జిస్తే పాల్వంచలో పాలు విరిగేవట, ఎదురొచ్చిన ఎలుగుబంటి దండం పెట్టి దారిచ్చిందట! డెబ్భై ఆరులో, అడవి దారుల్లో ఒక పగలూ రాత్రీ ఆగకుండా సాగే పందెంలో మొండయ్య, బావమరిది సారంగపాణి వంతులవారీగా నడిపి మొదట వచ్చారు. ఊరంతా దండలేసింది. ఆ తర్వాత మూడేళ్లూ కారు భద్రాచలం చేరకముందే ఆగిపోయింది. దండలేసినవాళ్లే "ఎద్దులను కట్టుకోరాదుండ్రి" అని ఎగతాళి చేశారు.

"తాగి నడిపినవ్, గందుకే ఆగింది" అని రామక్క ఏటా తిట్టేది. "అవ్, తాగిన" అనేవాడు మొండయ్య. అతని పక్కన కూర్చోవాలన్నా ఆమెకు ఏవగింపు పుట్టేది.

మళ్లీ పందెం రోజు వచ్చింది. బానెట్ లేపి ఉంది. ఇంజన్ మీద కొట్టడానికి రామక్క కొబ్బరికాయ ఎత్తింది. సారంగపాణి గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా, ఆగు! ఇంజన్ మీద కొడితే నేను కారెక్క. మా టీం ఇయ్యాల్టితో బంద్."

"ఏందిరా తమ్మీ? దేవునికి కొట్టొద్దా?"

"గెలిచిన ఏడు నువ్వు పుట్టింట్ల ఉన్నవ్, కాయ కొట్టలే. తర్వాత మూడేండ్లు కొట్టినవ్. ఆ నీళ్లు నిప్పురవ్వ పుట్టే డబ్బాలకు దిగి, ఇంజన్ కాగంగనే జిగురైతున్నయ్. ఎంత తుడిచినా పోతలేదు. బావ చుక్క ముట్టలే!"

"నోర్ముయ్‌రా!" మొండయ్య అరిచాడు.

రామక్క మొగుడివైపు తిరిగింది. "మరి తాగిన అని ఎందుకన్నవయ్యా?"

మొండయ్య తల దించుకున్నాడు. "నీ చెయ్యి మంచిది కాదని మా అమ్మ బతికినన్నాళ్లు అన్నది. నేను గూడ అంటే తట్టుకుంటవా? దానికంటే తాగుబోతు అనిపించుకునుడే నయమనుకున్న."

మూడేళ్లు మొగుణ్ణి ఛీకొట్టిన నోరు రామక్కకే చేదెక్కింది. కాయ పట్టుకునే కూలబడి ఏడ్చింది.

"ఏడ్వకే. నీ చెయ్యి మంచిదే, ఆ నీళ్లే జిగురు. కాయ కింద కొట్టు. చెయ్యి మాత్రం ఇంజన్ మీద పెట్టు" అన్నాడు మొండయ్య.

రామక్క కాయను రాయి మీద పగలగొట్టింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. సరిపోదేమోనని మళ్లీ తుడుచుకుంది. జిడ్డు ఇంజన్ మీద అరచెయ్యి ఆనించింది.

మొండయ్య కారు స్టార్ట్ చేశాడు. ఇంజన్ దడదడలాడింది. ఆమె చెయ్యి తియ్యలేదు.