పదికి రెండు

నాకు పదికి రెండు మార్కులు వేసిన మనిషెవరో తేల్చుకుందామని వానలో తడుస్తూ ఆ లైబ్రరీకి వెళ్ళాను.

నాకంటే నాకు కాదు, నా సైట్‌కి. విద్యార్థులు తమ వివరాలు ఇస్తే, వాళ్ళకి సరిపడే స్కాలర్‌షిప్‌లు వెతికిపెట్టే సైట్ అది. ఉద్యోగం మానేసి, రెండేళ్ళు ఒక్కడినే కూర్చుని తయారుచేశాను. లైబ్రరీ నోటీసు బోర్డు మీద అలాంటి సైట్లు ఎనిమిది, వాటి ఎదురుగా మార్కులు. నాది ఆరో స్థానం. నా కింద ఇంకా ఇద్దరున్నారన్నది ఒక్కటే ఓదార్పు.

లోపల బల్ల దగ్గర ఒకమ్మాయి పుస్తకాలకి అట్టలు వేస్తోంది.

"ఈ మార్కులు ఎవరు వేశారండీ?"

"నేనే. అసిస్టెంట్ లైబ్రేరియన్ని. కాస్త వెనక్కి జరుగుతారా? రిజిస్టర్ తడుస్తోంది."

"ఆరో సైట్ నాది!"

"ఓహో, సైటుగారా! కూర్చోండి."

ఆ రోజునుంచి నా పేరు అదే అయిపోయింది.

ఆవిడ సొరుగు లాగింది. లోపల ఒక పాత ఫోన్ మోగుతోంది. "ఇది ఒక విద్యార్థిని ఫోన్. అలాంటి అమ్మాయి ఎక్కడా లేదు, పరీక్ష కోసం నేనే కల్పించాను. ఎనిమిది సైట్లలోనూ అవే వివరాలు, ఇదే నంబరు ఇచ్చాను. అప్పట్నుంచీ లోన్ కావాలా, కోచింగ్ కావాలా అంటూ ఒకటే గోల."

"నేను ఎవరి నంబర్లూ అమ్మలేదు!"

"తెలుసు. ఒక్కో సైట్‌లో ఒక్కో ఇంటిపేరు ఇచ్చాను. ఫోన్ చేసినవాళ్ళు ఏ ఇంటిపేరుతో పిలిస్తే ఆ సైట్ దొరికిపోతుంది. మీరు దొరకలేదు కాబట్టి ఒక మార్కు."

"రెండోది దేనికి?"

"ఆ అమ్మాయి అందరికీ ఒక ప్రశ్న పంపింది. చదువు ఆగి మూడేళ్ళయింది, నాకింకా ఏమైనా దారి ఉందా అని. మనిషన్నవాడు జవాబిచ్చింది మీ దగ్గర్నుంచే. రెండు రోజులు పట్టిందనుకోండి. అయినా ఒక మార్కు."

నాకు గుర్తొచ్చింది. ఆ ఉత్తరం చదివి నేను నిజంగానే దిగులుపడ్డాను. 'ఏమీ ఆలస్యం కాలేదు, ధైర్యంగా ఉండండి' అని ఓపిగ్గా రాశాను కూడా.

"ఆ అమ్మాయి లేదా? నేనెంత బాధపడ్డానో తెలుసా!"

"తెలుసు. నాలుగు పేరాలు బాధపడ్డారు," అని మొదటిసారి నవ్వింది. ఆ నవ్వుతో నా కోపంలో సగం పోయింది. మిగతా సగం పట్టుకుని అడిగాను.

"మరి మిగతా ఎనిమిది మార్కులు ఏమయ్యాయండీ?"

కంప్యూటర్ నావైపు తిప్పింది. "మీ సైట్ ఆ అమ్మాయికి నలభై మూడు స్కాలర్‌షిప్‌లు చూపించింది. ముప్పై ఒకటి గడువు దాటినవి. అన్నిటికీ ఫోన్ చేసి కనుక్కున్నాను. మీరెప్పుడైనా చేశారా?"

నేను తెర మీది తేదీలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను.

"ఆఖరు తేదీ తప్పు రాస్తే ఏమవుతుందో మీకు తెలీదు," అంది. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

ఇంటికెళ్ళి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. తేదీ కనుక్కున్న తర్వాతే ఏదైనా సైట్‌లో పెట్టాలని నియమం పెట్టుకున్నాను. ప్రతి శనివారం మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్ళి దిద్దించుకునేవాణ్ణి. రెండు మూడయింది, మూడు నాలుగున్నరయింది.

"ఆ అర మార్కు ఎందుకు తగ్గిందండీ?"

"ఫారం నింపేసరికి నాకు ఆకలేసింది. అంత పొడుగ్గా ఉంది."

శుక్రవారం సాయంత్రం నుంచే నాకు శనివారం కోసం తొందర మొదలయ్యేది. అది మార్కుల కోసం కాదని నాకు త్వరగానే అర్థమైంది. ఆవిడతో అనే ధైర్యం మాత్రం రాలేదు.

ఒక బుధవారం పొద్దున, కొత్తగా రాసిన ప్రోగ్రాంని ఆవిడ కల్పించిన విద్యార్థిని వివరాలతో పరీక్షించాను. ఒక్కటే ఫలితం వచ్చింది. డిగ్రీ తర్వాత చదువు ఆగిపోయిన, చేతిపనివాళ్ళ పిల్లలకి ఒక ట్రస్టు ఇచ్చే స్కాలర్‌షిప్. గడువు శుక్రవారం. వివరాలన్నీ సరిపోయాయి. నాన్న దర్జీ, చూపు తగ్గింది. డిగ్రీ మార్కులు ఎనభై ఒకటి పాయింట్ ఆరు మూడు.

ఆ అంకె దగ్గర ఆగిపోయాను. కల్పించేవాళ్ళు ఎనభై అనో, ఎనభై రెండనో రాస్తారు. ఆరు మూడు ఎవరు రాస్తారు?

వెంటనే లైబ్రరీకి పరిగెత్తాను.

"సైటుగారూ, ఇవాళ శనివారం కాదుగా?"

"మీ విద్యార్థినికి స్కాలర్‌షిప్ దొరికింది. ఎల్లుండే ఆఖరు."

"ఆ అమ్మాయి లేదని చెప్పానుగా!"

"ఉంది. ఆ ఆరు మూడు కల్పించింది కాదండీ."

అట్ట మడుస్తున్న చేతులు ఆగిపోయాయి. అట్ట పక్కన పెట్టి చెప్పింది. "మూడేళ్ళ క్రితం ఒక సైట్‌లో స్కాలర్‌షిప్ గడువు ముప్పయ్యో తేదీ అని ఉంది. అసలు గడువు ఇరవై. నేను ఇరవై ఐదున కాగితాలన్నీ పట్టుకుని వెళ్ళాను. గుమాస్తా జాలిగా చూసి పంపించేశాడు. ఆ తర్వాత నాన్న కళ్ళు, ఈ ఉద్యోగం... మళ్ళీ ఫారం ముట్టుకోవాలంటే భయమేసింది."

"అది నా సైటా?"

"కాదు. మీది అప్పటికింకా పుట్టలేదు. కానీ కోపం మాత్రం అందరి మీదా చూపించాను."

"ఈ తేదీ నేను స్వయంగా కనుక్కున్నాను."

"నేనూ కనుక్కుంటాను," అని ట్రస్టుకి ఫోన్ చేసింది. పెట్టేసరికి కళ్ళలో నీళ్ళు. "శుక్రవారం సాయంత్రం ఐదింటిదాకా ఉందట."

ఫారం మీద తండ్రి సంతకం కావాలి. ఇద్దరం వాళ్ళ నాన్నగారి కుట్టుషాపుకి వెళ్ళాం. ఆయన కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చివరిదాకా చదివారు.

"చదువుకుంటానంటే నేనెప్పుడు వద్దన్నానే తల్లీ? నువ్వే అడగడం మానేశావు," అని సంతకం పెట్టి, నావైపు తిరిగారు. "ఈ అబ్బాయెవరు?"

"సైటుగారు, నాన్నా."

"ఓహో, పదికి రెండా!" అన్నారు ఆయన సంబరంగా.

ఆవిడ మొహం ఎర్రబడింది. నా గురించి వాళ్ళింట్లో మాట్లాడుకుంటున్నారని తెలిసి నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

శుక్రవారం పదకొండింటికే ఫారం ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకుంది. ఆరు వారాలకి ఉత్తరం వచ్చింది. ఎంపికైంది. వచ్చే నెల నుంచి పీజీ క్లాసులు, ఊరు బస్సులో మూడు గంటల దూరం.

ఆవిడ ఉద్యోగంలో ఆఖరి శనివారం కూడా వానే. బోర్డు మీద కొత్త నోటీసు అంటించి ఉంది. ఏడు సైట్లకి మార్కులున్నాయి. నాకు లేవు. ఆ గడిలో చిన్న అక్షరాలతో ఇలా ఉంది: 'ఈ సైట్ విషయంలో పరీక్షకురాలు నిష్పక్షపాతంగా లేదు.'

రెండుసార్లు చదివి లోపలికి వెళ్ళాను. "ఇదేంటండీ? దీనికంటే రెండు మార్కులే నయం!"

"సైట్ నడిపే మనిషి నాకు నచ్చాడు. ఇంక నేను మార్కులు వెయ్యకూడదు," అంది తలెత్తకుండా, రిజిస్టర్ పేజీలు ఊరికే తిప్పుతూ. "జవాబు ఇవ్వడానికి ఈసారి కూడా రెండు రోజులు పడుతుందా?"

పట్టలేదు. తడిసిన చొక్కాతోనే, రిజిస్టర్ సంగతి మరిచిపోయి, అక్కడే చెప్పేశాను.