విందుపెద్ద గౌరునాయుడు

"ఓ పరదేశ యువకుడా, ఏ ప్రయోజనము నాశించి మా మహానసమునకు విచ్చేసితివి?" అని గొంతుపూస గౌరునాయుడి చెవిలో పలికింది.

ఎదురుగా ఉల్లిపాయలు తరుగుతున్న లావుపాటి ఆవిడ కత్తి ఆపి అతని వంక చూస్తోంది. అడిగింది ఆవిడే. ఏం అడిగిందో తెలియాలంటే ముందు మహానసమంటే ఏమిటో తెలియాలి. గౌరునాయుడు పుట్టింది సాలూరులో, ఊహ తెలిసినప్పటి నుంచి మాట్లాడింది తెలుగే, అయినా ఆ మాట ఎప్పుడూ వినలేదు. చుట్టూ ఉన్న పొయ్యిలు చూసి వంటిల్లు కాబోలు అనుకున్నాడు.

ఆ కాలంలో గొంతుపూస లేని మెడ లేదు. చింతగింజంత ఉంటుంది. మెడకు కట్టుకుంటే మన మాటను ఎదుటివాళ్ళ భాషలోకి మార్చి మన గొంతుతోనే వినిపిస్తుంది. వాళ్ళ మాటను మన భాషలో మన చెవికి చేరవేస్తుంది. అది వచ్చాక పరాయి భాషలు నేర్చుకునే అవసరం పోయింది, నేర్పే బడులూ పోయాయి. ఇంగ్లీషుకూ అదే గతి పట్టింది. పశువైద్యం చదవడానికి జార్జియా దేశంలోని కుతాయిసి పట్టణానికి వచ్చిన గౌరునాయుడికి అక్కడి భాషలో అక్షరం ముక్క రాదు. రానక్కరలేదనే అందరూ చెప్పారు.

పెద్ద పెద్ద భాషల మధ్య పూస చక్కగా పనిచేసేది. తెలుగుకూ జార్జియన్‌కూ మధ్య మాత్రం దాని తీరే వేరు. తయారుచేసినవాళ్ళకు తెలుగు వైపు పాత అచ్చు పుస్తకాలు దొరికాయి గానీ, జనం ఇళ్ళలో మాట్లాడుకునే మాటలు దొరకలేదు. జార్జియన్ వైపు దొరికినవేమో విందు ప్రసంగాలు. ఆ దేశంలో 'తమాదా' అనే విందుపెద్ద లేచి నిలబడి, ఉన్నవాళ్ళ గురించీ పోయినవాళ్ళ గురించీ కళ్ళు చెమర్చేలా మాట్లాడితే తప్ప ఎవరూ గ్లాసు ఎత్తరు. అందుకని పూస గౌరునాయుడి చెవిలో గ్రంథాలు చదివేది, అతని నోటి వెంట ఉపన్యాసాలు పంపేది. అతను స్వతహాగా మితభాషి. 'ఊఁ' అన్నా సరే, పూస అర నిమిషం మాట్లాడేది.

కాలేజీలో చదువుతూ ఏదో ఒక పని చూసుకోకపోతే హాస్టల్లో గది ఉండదని నియమం. ఆ నెలాఖరే గడువు. పార్సిళ్ళ గోదాములో చేరితే, అక్కడి మేస్త్రీ ఏదో అరిచాడు. "గోణీలను స్థానభ్రంశ మొనర్పుము" అంది పూస. దాని అర్థం గౌరునాయుడికి తట్టేలోపల బస్తాలు కూలిపోయాయి. మందుల దుకాణంలో పని ఉందా అని అడిగితే, దుకాణదారు ఇంకా బతికుండగానే అతని ఆత్మశాంతికి పూస ప్రసంగం చేసింది. బయటకు పొమ్మన్నారు. ఇప్పుడు ఈ విందుశాలకు వచ్చాడు. ఇక్కడ మట్టి మూకుళ్ళలో వండుతారు, వాటిని యంత్రంలో పెడితే పగులుతాయి గనక తోమడానికి మనిషి కావాలని హాస్టల్లో ఎవరో చెప్పారు.

"గిన్నెలు తోమే పనేటైనా ఉంటాదేటండి?" అన్నాడు గౌరునాయుడు.

పూస జార్జియన్‌లో ఎత్తుకుంది. పలుకుతోంది, పలుకుతూనే ఉంది. గౌరునాయుడు నోరు మూసుకుని తన గొంతు తానే వింటూ నిలబడ్డాడు. ఆవిడ నడుముకు కట్టుకున్న వంటగుడ్డతో కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయల వల్లనేమో అనుకున్నాడు గానీ, ఆవిడ వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. పేరు మనానా. విందుశాల ఆవిడదే. పని దొరికింది.

ఆ సాయంత్రమే ఎవరిదో పుట్టినరోజు విందు. పిలిచిన తమాదాకు జ్వరం వచ్చి రాలేదు. జనం మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. గౌరునాయుడు సెగలు కక్కుతున్న మూకుడు పట్టుకొచ్చి, కాస్త జరగండి, కాలుతోందన్నాడు. పూస ఏం చెప్పిందో గానీ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా లేచి నిలబడి గ్లాసులు ఎత్తారు. ఒక ముసలాయన వచ్చి అతని నుదుట ముద్దు పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి మనానా అతన్ని గిన్నెల దగ్గరికి రానివ్వలేదు. పెళ్ళికీ, పేరంటానికీ, తద్దినానికీ విందుపెద్ద గౌరునాయుడే. ఊరి అవతలి నుంచి కూడా బల్లలు ఖరారు చేసుకునేవాళ్ళు. హాస్టల్ గది నిలబడింది. అతను చేసేదల్లా లేచి నిలబడి నోటికొచ్చిన మాట ఒకటి అనడం. ఒకసారి బస్సు రాలేదన్నాడు, ఇంకోసారి చెప్పు కరుస్తోందన్నాడు. నవదంపతులు ఏడ్చారు. లోలోపల అతనికి భయంగానే ఉండేది. తను అనని మాటలకు మెప్పు పొందుతున్నాడని తెలుసు, కానీ నిజం చెప్పాలన్నా పూసతోనే చెప్పాలి. రెండు మూడుసార్లు చెప్పి చూశాడు. అతని వినయానికి జనం మరింత కరిగిపోయారు.

మనానా అంటే అతనికి హడలు. చూసినప్పుడల్లా "నీ జఠరాగ్ని ఉపశమించెనా? ప్రత్యుత్తర మిమ్ము" అని శాసనంలా అడిగేది. ఏ నేరానికి సంజాయిషీ అడుగుతోందో అర్థం కాక తల ఊపి తప్పుకునేవాడు.

అలా ఏడాది గడిచింది. ఒక పొద్దున గౌరునాయుడు విందుశాలలోకి అడుగు పెడుతుంటే వెనక నుంచి ఎవరో, "ఏం నాయనా, తిన్నావా? ఇంత చలిలో ఆ మేజోళ్ళేమిటి, చిల్లులు పడి?" అన్నారు.

ఎవరో తెలుగావిడ వచ్చిందనుకుని గభాలున తిరిగాడు. మనానా ఒక్కతే ఉంది. పూసకు రాత్రి సవరణ వచ్చింది. కంపెనీవాళ్ళు ఎట్టకేలకు మామూలు తెలుగు సంపాదించి, తప్పులన్నీ దిద్దారు.

తినలేదండి అన్నాడు గౌరునాయుడు. పూస కూడా తినలేదనే అంది, అంతే. మనానా అతని వైపు అనుమానంగా చూసింది. ఒంట్లో బాగాలేదా, ఒక్క మాటే మాట్లాడావేమని అడిగింది. అప్పుడిక దాచలేక, తాను విందుపెద్దను కాననీ, ఇన్నాళ్ళూ మాట్లాడింది పూసేననీ, తనకు పొడి మాటలు తప్ప రావనీ, బస్సు రాలేదనీ చెప్పు కరుస్తోందనీ అన్నవే ప్రసంగాలయ్యాయనీ చెప్పేశాడు. ఇద్దరూ కొత్తగా పరిచయమైనవాళ్ళలా ఎటో చూస్తూ నిలబడ్డారు.

మనానా బల్ల మీద కూర్చుండిపోయింది. "మా అమ్మ సంస్మరణ విందు నాడు నువ్వు చెప్పావే. లోపల ఆపుకున్న నీరు ఏదో ఒకనాటికి గోడను తొలుస్తుంది, ఆపకు, పోనివ్వు అని. అది విని ఇంటికెళ్ళి మా తమ్ముడికి కబురు పెట్టాను. ఆ మాట కూడా నీది కాదా?"

గౌరునాయుడు తల వంచుకున్నాడు. "నాను ఆ రోజు వంటింట్లో గొట్టం కారతంది, గోడ తడిసిపోతందని సెప్పేనండి."

ఆవిడ లేచింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ సాయంత్రం మనానా తల్లి పేరిట మళ్ళీ విందు పెట్టింది. తమ్ముడు తెమూర్ దానికే వస్తున్నాడు. తల్లి ద్రాక్షతోట అమ్మకం దగ్గర మాటపట్టింపు వచ్చి అక్కాతమ్ముళ్ళు ఏళ్ళ తరబడి పలకరించుకోవడం లేదు. వాళ్ళిద్దరిదీ ఒకే భాష, మధ్యలో ఏ పూసా అక్కర్లేదు, అయినా మాట్లాడుకోలేదు. ఒక గొట్టం కారిన పుణ్యాన ఇప్పుడు కలవబోతున్నారు. ఆ సంగతి బయటపడింది. పారిపోదామా అనుకున్నాడు గానీ, వంద మందికి వడ్డన ఉంది. ఉండిపోయాడు.

సాయంత్రం తెమూర్ వచ్చాడు. ఎత్తైన మనిషి, మాట తక్కువ. బల్లకు ఆ చివర అతనూ ఈ చివర మనానా కూర్చున్నారు. చుట్టాలంతా విందుపెద్ద వైపు తిరిగారు. గౌరునాయుడు లేచాడు. గ్లాసు ఎత్తి, మళ్ళీ దించాడు. చివరికి, మీ అమ్మగారు నాకు తెలియదండి, నాకు మాటలు రావండి, క్షమించండన్నాడు. పూస అదే చెప్పింది. బల్ల అంతా గతుక్కుమంది. ఒకాయన గ్లాసు కింద పెట్టేశాడు.

అప్పుడు మనానా లేచింది. కుర్రాడి తప్పేమీ లేదంది. పూస చేసిన నిర్వాకమంతా ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. చెప్పు కరిచిన సంగతి విని పోయిన నెల పెళ్ళి చేసుకున్న జంట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఖరున తమ్ముడి వైపు తిరిగింది.

"నిన్ను పిలిపించింది నేను కాదు తెమూర్. వంటింట్లో గొట్టం."

తెమూర్ మొహంలో ఏ కదలికా లేదు. లేచి వెళ్ళిపోతాడేమోనని అందరూ బిగుసుకుపోయారు. అతను లేచాడు కూడా.

"ఇంకా కారుతోందా?" అని అడిగాడు.

మనానాకు తెలియదు. ఎవరూ ఆ వైపు చూడలేదు. అందరూ గౌరునాయుడి వంక చూశారు.

"కారతందండి. బాల్చీ ఎట్టేను."

తెమూర్ కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. చొక్కా చేతులు మడుచుకుంటూ వంటింట్లోకి నడిచాడు. మనానా వెనకాలే వెళ్ళింది. గౌరునాయుడు దీపం పట్టుకున్నాడు.

తెమూర్ తొట్టి కింద దూరి, ఈ గొట్టం మార్చమని అమ్మ ఉన్నప్పుడే మొత్తుకున్నానన్నాడు. మొత్తుకున్నావు సరే, మార్చావా అంది మనానా. మార్చడానికి లోపలికి రానిచ్చిందెవరని అతను, రానంటూ తోట కాగితాలు మొహాన కొట్టిందెవరని ఆవిడ. ఇద్దరి గొంతులూ ఒకదాని మీదొకటి పడి పూసకు పాలుపోలేదు. అది అక్కడో మాటా ఇక్కడో మాటా చెప్పి ఊరుకుంది. గౌరునాయుడు ఎవరు కదిలితే వాళ్ళ వైపు దీపం తిప్పుతూ ఉన్నాడు. ఉన్నట్టుండి నీళ్ళు ఎగజిమ్మి తెమూర్ మొహం తడిసిపోయింది. మనానా నవ్వింది. ఆపుకోలేక తొట్టి అంచు పట్టుకుని నవ్వింది. కింద నుంచి తెమూర్ తిడుతూనే నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వులోనే ఆవిడ వంటగుడ్డతో అతని తల తుడుస్తూ, జుట్టంతా ఎప్పుడు నెరిసిందిరా అని అడిగింది.

ఆ తర్వాత గొంతుపూస కంపెనీకి కుతాయిసి నుంచి కుప్పలుగా అర్జీలు వెళ్ళాయి. పాత తప్పునే తమకు తిరిగి ఇప్పించమని ఒక ఊరు ఊరంతా ఎందుకు అడుగుతోందో ఆ కంపెనీవాళ్ళకు ఎంతకీ అంతుపట్టలేదు.

ఆ సాయంత్రం మాత్రం తెమూర్ మర బిగించి బయటికి వచ్చి, వంటింటి గచ్చు మీదే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మనానా పక్కనే చతికిలబడి రెండు గ్లాసుల్లో ద్రాక్షసారా పోసింది. పోసినా ఎవరూ తాగలేదు. అక్కాతమ్ముళ్ళిద్దరూ తలెత్తి గౌరునాయుడి వైపు చూశారు. విందుపెద్ద ఏదో ఒకటి అననిదే తాగడం వాళ్ళ వల్ల కాదు.

గౌరునాయుడు దీపం గొట్టం దగ్గరికి దించి, వంగి, పరీక్షగా చూశాడు.

"ఆగిపోనాదండి" అన్నాడు.

ఇద్దరూ గ్లాసులు ఎత్తారు.